ఘాట్ ఎక్కేటప్పుడు దమ్ము లేదు, వెనక నల్లపొగ. హెడ్ దించాల్సిందేనా?

అలిపిరి_టాక్సీ
2016 మోడల్ డీజిల్ సెడాన్, 1.3 లీటర్ ఇంజిన్, బీఎస్4 (కాలుష్య ప్రమాణం), టాక్సీ ప్లేటు. 1,84,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా తిరుమల కొండ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు. నలుగురు ప్యాసింజర్లు, డిక్కీ నిండా సామాను ఉంటే రెండో ఘాట్‌లో మలుపు తిరిగాక సెకండ్ గేర్‌లో కూడా యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కాల్సి వస్తోంది. అద్దంలో చూస్తే వెనకంతా నల్లపొగ. మొన్న వెనక జీపులో ఉన్నవాళ్లు హారన్ కొట్టి మరీ తిట్టారు. ఐడిల్‌లో నిలబెడితే స్టీరింగ్ వణుకుతోంది. 19 ఇచ్చే మైలేజీ 15కు పడింది. ఇంజిన్ లైటు రెండు రోజులు వెలుగుతుంది, మళ్లీ అదే ఆరిపోతుంది.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే "గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి గడ్డకట్టింది, హెడ్ (సిలిండర్ల పై మూత) దించాలి, 28,000 అవుతుంది, నాలుగు రోజులు బండి ఇక్కడే ఉండాలి" అన్నారు. ఇంకోచోట ఈజీఆర్‌కు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే దారి) రేకు పెట్టి మూసేస్తే చాలు, 1,500 ఇవ్వు అన్నారు. మూడో ఆయన డీజిల్ ట్యాంకులో ఒక సీసా క్లీనర్ మందు పోస్తే అంతా కడుక్కుపోతుందంటాడు. ముగ్గురివీ మూడు మాటలు. ఇంటి కంతు, బండి కంతు రెండూ దీని మీదే నడుస్తున్నాయి. నాలుగు రోజులు ఆపే పరిస్థితి లేదు. ఎవరి మాట వినాలో చెప్పండి.

రేణిగుంట_రైడర్
సీసా పోసి చూడు అన్నా. 600 రూపాయలతో పోయేదానికి 28,000 ఎందుకు?

దామలచెరువు_పికప్
పోయిన మామిడి సీజన్‌లో నా పికప్ బండిదీ ఇదే కథ. మండీ నుంచి తోతాపురి లోడు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్తుంటే ఎత్తు వచ్చిందంటే చాలు, సైకిల్ వాడు దాటిపోయేటట్టు ఉండేది. నేనూ సీసాలు పోశాను. ఒకటి కాదు, మూడు. డబ్బులు పోయాయి తప్ప మసి అక్కడే ఉంది.

రేణిగుంట_రైడర్
నా బండికి పోశాక స్మూత్ అయింది. అబద్ధం చెప్పడం లేదు.

ఎస్వీయూ_మెకానికల్
ఇద్దరూ చెప్పింది నిజమే. సీసాలో మందు డీజిల్‌తో కలిసి ఇంజెక్టర్ దాకా వెళ్తుంది. ఇంజెక్టర్ ముక్కు దగ్గర జిగురు ఉంటే కొంత శుభ్రం కావచ్చు, అందుకే రైడర్ బండి స్మూత్ అయి ఉంటుంది. కానీ డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వు వెనక వైపు ఒక్క చుక్క డీజిల్ కూడా తగలదు. తగలని మందు ఎలా కడుగుతుంది? పోర్టులో పెట్రోలు చిమ్మే మామూలు పెట్రోలు కార్లలో అయితే పెట్రోలు వాల్వు మీదుగా పారి వెళ్తుంది కాబట్టి వాల్వు రోజూ కడిగినట్టే ఉంటుంది. డీజిల్‌కు, నేరుగా సిలిండర్‌లో చిమ్మే కొత్త రకం పెట్రోలు ఇంజిన్లకు ఆ స్నానం లేదు.

పాకాల_జంక్షన్
సార్, అయితే ఆ మసి వాల్వు దగ్గరకు ఎలా వస్తుంది? గాలి వెళ్లే దారి కదా అది. ఎయిర్ ఫిల్టర్ కూడా ఉంటుంది కదా.

ఎస్వీయూ_మెకానికల్
మంచి ప్రశ్న. రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఈజీఆర్. సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత భాగాన్ని మళ్లించి ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు అది. సిలిండర్‌లో మంట వేడి బాగా పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి, ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. ఒకసారి కాలిన పొగను మళ్లీ లోపలికి పంపితే ఆక్సిజన్ తగ్గుతుంది, పొగలోని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కొంత వేడి పీల్చుకుంటాయి, మంట చల్లబడుతుంది. పద్ధతి మంచిదే. కానీ ఆ పొగతో పాటు మసి కూడా వస్తుంది.

రెండోది, ఇంజిన్ కింది భాగం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారిన గ్యాసు ఆయిల్ తుంపరను మోసుకుని బ్రీదర్ పైపు గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకే వస్తుంది. పొడి మసి ఒక్కటే అయితే చాలావరకు గాలితో కొట్టుకుపోతుంది. ఆయిల్ తడి తగిలిందంటే అంటుకుంటుంది. రెండూ కలిసి తారులా అవుతాయి. వేడికి ఎండి, దాని మీద మళ్లీ తడి, మళ్లీ మసి. పొరలు పొరలుగా.

ఎయిర్ ఫిల్టర్ ఈ రెండింటికీ ముందే ఉంటుంది. అది దుమ్మును ఆపుతుంది, వీటిని కాదు.

చంద్రగిరి_కోట
దోసె పెనం అంచున మాడు పేరుకున్నట్టు అన్నమాట.

ఆటోనగర్_స్పానర్
ఎస్వీయూ లెక్చరర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇరవై రెండేళ్లుగా ఈ మసి గోకుతున్నాను. బండి చూడకుండా ఇదే అని చెప్పను కానీ, తమ్ముడూ, ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. జవాబు చెప్పు.

నల్లపొగ ఐడిల్‌లో కూడా వస్తోందా, తొక్కినప్పుడే వస్తోందా? తొక్కినప్పుడు ఏమైనా ‘సుయ్’మని గాలి శబ్దం వినిపిస్తోందా? ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావు? బండి కంప్యూటర్‌లో లోపం కోడ్లు చదివే స్కానర్ ఎవరైనా పెట్టారా, కోడ్ ఏమొచ్చింది? రోజులో ఏసీ వేసి నిలబెట్టి ఉంచే సమయం ఎంత?

అలిపిరి_టాక్సీ
అన్నా, పొగ తొక్కినప్పుడే. ఐడిల్‌లో పొగ లేదు కానీ వణుకు ఉంది. శబ్దం అంటే, మీరు అడిగాక గుర్తొచ్చింది. థర్డ్ గేర్‌లో లోడు పడగానే కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే శబ్దం లాంటిది వస్తోంది. అద్దాలు మూసి ఏసీ వేసుకుంటే వినపడదు, ప్యాసింజర్లు లేనప్పుడు అద్దం దించితే తెలుస్తుంది. టర్బో శబ్దమే అనుకున్నాను.

ఫిల్టర్ మార్చి ఏడాది అయింది. మధ్యలో రెండుసార్లు పంక్చర్ షాపులో గాలి కొట్టించాను. స్కానర్ ఎవరూ పెట్టలేదు. నిలబెట్టడం చాలానే. తెల్లవారుజామున అలిపిరి చెకింగ్ లైన్‌లో, తర్వాత కొండ మీద పార్కింగ్‌లో దర్శనం అయ్యేదాకా. పిల్లలో పెద్దవాళ్లో బండిలో ఉంటే ఏసీ ఆపలేను. రోజుకు రెండు, మూడు గంటలు ఇంజిన్ ఊరికే తిరుగుతుంది.

ఆటోనగర్_స్పానర్
స్కానర్ పెట్టకుండానే 28,000 చెప్పారా!

ఆ శబ్దం నాకు నచ్చలేదు. గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోసు చీలిందేమో చూడాలి. చీలిక సాధారణంగా కింది వైపు, క్లాంపు పక్కనే వస్తుంది. బండి ఆపి చూస్తే మూసుకుని ఉంటుంది, ప్రెజర్ వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. అక్కడ ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే అదే గుర్తు.

గాలి బయటికి పోతే లోపల డీజిల్‌కు సరిపడా గాలి ఉండదు, సరిగా కాలదు, నల్లపొగ వస్తుంది. ఆ పొగే ఈజీఆర్ గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకి వస్తుంది. అప్పుడు మసి రెండింతలు పేరుకుంటుంది. అంటే నీ బండిలో మసి ఉండొచ్చు, కానీ మసి వచ్చేందుకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అది చూడకుండా మసి ఒక్కటే గోకితే ఆరు నెలల్లో మళ్లీ నా దగ్గరకే వస్తావు.

పాత_డిపో_మెకానిక్
నేను బస్సుల డిపోలో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఘాట్ బస్సులకు ఈజీఆర్ లేదు, సెన్సర్లు లేవు. ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ పోసే రకం ఉండేది. నల్లపొగ వచ్చిందంటే రెండే మాటలు: గాలి తక్కువైందా, డీజిల్ ఎక్కువైందా. స్పానర్ గారు ఇప్పుడు అడిగిన ప్రశ్నలన్నీ ఆ మొదటి మాటకే. బండ్లు మారాయి కానీ ఆ లెక్క మారలేదు.

గాలి కొట్టించాను అన్నావు చూడు నాయనా, అది మానుకో. కాగితం ఫిల్టర్‌కు కంప్రెసర్ గాలి దగ్గర నుంచి కొడితే కంటికి కనపడని చిల్లులు పడతాయి. మన ఎర్రమట్టి దుమ్ము ఆ చిల్లుల్లోంచి లోపలికి పోతే మసికన్నా పెద్ద నష్టం.

తిరుచానూరు_ట్రావెల్స్
ఇంత కథ ఎందుకు? ఈజీఆర్ బ్లాక్ చెయ్యి, అయిపోతుంది. నా రెండు బండ్లకూ రేకు పెట్టించాను. ఒకటి 60,000 తిరిగింది. బండి బాగా లాగుతోంది, మసి లేదు, పొగ లేదు.

దామలచెరువు_పికప్
నేనూ పెట్టించాను. వారంలో ఇంజిన్ లైటు వచ్చింది, బండి లింప్ మోడ్‌లోకి (కంప్యూటరే పవర్ తగ్గించేయడం) వెళ్లింది, లోడు బండి హైవే మీద నలభై దాటలేదు. రేకు తీసేశాక మామూలైంది.

తిరుచానూరు_ట్రావెల్స్
నీ రేకుకు చిన్న రంధ్రం పెట్టి ఉండరు. రంధ్రం పెడితే లైటు రాదు.

ఎస్వీయూ_మెకానికల్
ట్రావెల్స్ అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ బీఎస్4, బీఎస్6 బండ్లలో కంప్యూటర్ ఈజీఆర్ తెరిచినప్పుడు తాజా గాలి ఎంత తగ్గాలో లెక్క వేసుకుని ఉంటుంది. తగ్గకపోతే పీ0401 కోడ్ వేస్తుంది, అంటే ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని. రంధ్రం పెట్టడం ఆ లెక్కను మోసం చేయడమే. కొన్ని బండ్లలో పనిచేస్తుంది, కొన్నింటిలో చేయదు.

పొగ కనపడటం లేదంటున్నారు. నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలుగా కంటికి కనపడవు. పొల్యూషన్ చెకింగ్‌లో డీజిల్ బండికి చూసేది పొగ నలుపు ఒక్కటే. బీఎస్4 బండికి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకుముందు బండ్లకు 65 పరిమితి. నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడ కొలవరు కాబట్టి సర్టిఫికెట్ వస్తుంది. గాలి మాత్రం పాడవుతూనే ఉంటుంది. పైగా కంపెనీ ఇచ్చిన ఏర్పాటును మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. టాక్సీ ప్లేటు బండికి ఈ తలనొప్పి ఎందుకు?

తిరుచానూరు_ట్రావెల్స్
ఎవరూ చెక్ చేయరు సార్.

పాత_డిపో_మెకానిక్
చెక్ చేసేవాళ్లు లేరనే మాట పక్కన పెట్టు నాయనా. ఆ కొండ మీద మలుపు మలుపునా పారిశుధ్య కార్మికులు రోజంతా రోడ్డు ఊడుస్తుంటారు. మన సైలెన్సర్ వాళ్ల ముఖం ఎత్తులోనే ఉంటుంది. 2022లో ఘాట్ మీదకు ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది ఆ గాలి కోసమే. మనం కూడా మనకు చేతనైనంత చేయాలి.

తిరుచానూరు_ట్రావెల్స్
పెద్దాయన చెప్పాక ఎదురు మాట్లాడను. కానీ కొత్త ఈజీఆర్ వాల్వు పదిహేను వేలు, ఇరవై వేలు ఉంటే మాలాంటి వాళ్లు ఏం చేయాలి?

ఆటోనగర్_స్పానర్
చాలా సార్లు వాల్వు మార్చక్కర్లేదు అన్నా. విప్పి శుభ్రం చేస్తే తిరుగుతుంది. మోటారు కాలిపోతేనో, లోపలి గేరు అరిగిపోతేనో కొత్తది కావాలి. పది బండ్లు వస్తే ఏడెనిమిదికి శుభ్రం చేస్తే సరిపోయింది నా దగ్గర. మీ రెండు బండ్లూ తీసుకురండి, రేకు తీసి చూద్దాం.

చిత్తూరు_టీచరమ్మ
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నాది 2021 బీఎస్6 డీజిల్ కారు. ఇంటి నుంచి స్కూలుకు నాలుగు కిలోమీటర్లు, రోజూ అంతే. డీపీఎఫ్ లైటు తరచుగా వస్తోంది. ఇదీ ఆ మసేనా? బీఎస్6 డీజిల్ శుభ్రమైనది కదా, మసి రాదన్నారు కొనేటప్పుడు.

ఎస్వీయూ_మెకానికల్
మేడమ్, బీఎస్6 డీజిల్‌లో తగ్గింది గంధకం. 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) నుంచి 10కి తెచ్చారు, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అదే. డీజిల్ సరిగా కాలకపోతే వచ్చే మసి గంధకం తగ్గినంత మాత్రాన పోదు. మీ బండిలో ఆ మసిని సైలెన్సర్ వైపు డీపీఎఫ్ అనే జల్లెడ పట్టి ఉంచుతుంది, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడి తెచ్చి కాల్చేస్తుంది. ఆ కాల్చే పనికి ఇంజిన్ వేడెక్కి ఏకధాటిగా నడవాలి. నాలుగు కిలోమీటర్లలో ఇంజిన్ వేడెక్కే లోపే మీరు స్కూలు గేటు దగ్గర ఉంటారు.

పలమనేరు_హైవే
అక్కా, ఆదివారం పొద్దున బెంగళూరు హైవే ఎక్కి పలమనేరు దాకా వచ్చి వెళ్లు. ఒక అరగంట 70, 80 మీద ఆపకుండా. మొగిలి ఘాట్‌లో మాత్రం జాగ్రత్త, లారీలు ఎక్కువ. మా వదిన బండికి ఇలాగే లైటు పోయింది.

ఆటోనగర్_స్పానర్
పలమనేరు తమ్ముడు చెప్పింది చేయండి మేడమ్, కానీ ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీ) చూడండి. ఆయిల్ గీత దాటి పైకి వచ్చి ఉంటే, డీజిల్ వాసన వస్తే, నడపకుండా ముందు ఆయిల్ మార్పించండి. మసి కాల్చే పని మధ్యలో పదే పదే ఆగిపోతే అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి జారుతుంది. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకు చెప్పిన గ్రేడే వేయించాలి. లైటు ఎర్రగా మారితే, వెలుగుతూ ఆరుతూ ఉంటే హైవే మందు పనిచేయదు, స్కానర్ ఉన్నచోటికి వెళ్లాలి.

చిత్తూరు_టీచరమ్మ
ఇప్పుడే వెళ్లి చూశాను. ఆయిల్ పై గీత దగ్గరే ఉంది, దాటలేదు. వాసన లేదు. ఆదివారం కాణిపాకం వెళ్దామనుకున్నాం, పలమనేరు వైపే పెట్టుకుంటాం.

రేణిగుంట_రైడర్
హైడ్రోజన్ గ్యాసుతో డీకార్బ్ (మసి తీయడం) చేస్తున్నారు కదా, గంటలో అయిపోతుందట. దాని గురించి ఎవరూ చెప్పలేదు.

ఎస్వీయూ_మెకానికల్
ఆ గ్యాసు కాలేది సిలిండర్‌లో. పిస్టన్ తల మీద ఉన్న మసికి ఏదో కొంత జరగవచ్చు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) మంట ఉండదు, వేడి ఉండదు. అక్కడ వేలి మందం గట్టిపడిన తారు దాంతో ఎలా కరుగుతుంది?

ఆటోనగర్_స్పానర్
ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లో స్ప్రే కొట్టేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఇంజిన్‌లో అది ప్రమాదం. పెచ్చు ఊడి వాల్వు సీటులో ఇరుక్కోవచ్చు. కాలే ద్రవం గాలి దారిలోంచి ఎక్కువగా లోపలికి పోతే అదే డీజిల్ అయిపోతుంది, తాళం తీసినా ఇంజిన్ ఆగదు. ఒకసారి చూశాను. నాల్గో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలి ఆపాల్సి వచ్చింది. చేతులు వణికాయి ఆ రోజు.

పుత్తూరు_బస్టాండ్
విరిగిన ఎముకకు మా ఊళ్లో కట్టు ఉంది కానీ మసికి కట్టు లేనట్టుంది 😀

అలిపిరి_టాక్సీ
రేపు మధ్యాహ్నం ట్రిప్పు లేదు. స్పానర్ అన్న దగ్గరకు వెళ్తున్నాను. ఏం తేలిందో రాస్తాను.

అలిపిరి_టాక్సీ
(నాలుగు రోజుల తర్వాత)
ఫోన్‌లో ఇంత రాయడం అలవాటు లేదు, అయినా ఇక్కడ అందరూ నా కోసం టైమ్ పెట్టారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదట స్కానర్. రెండు కోడ్లు: పీ0299, అంటే టర్బో ప్రెజర్ తక్కువని. పీ0402, అంటే ఈజీఆర్ ప్రవాహం ఎక్కువని. ఆ తర్వాత బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించి అన్న ఇంటర్‌కూలర్ హోసు కింద వేలు పెట్టి నిదానంగా రాసుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. తడిగా, గరుకుగా ఉంది. రబ్బరును రెండు చేతులతో కొంచెం వంచితే నోరు తెరిచినట్టు రెండంగుళాల చీలిక. వదిలేస్తే మళ్లీ మూసుకుపోయింది. నెల రోజులుగా నేను విన్న కుక్కర్ శబ్దం అదే.

ఎయిర్ ఫిల్టర్‌ను లైటుకు అడ్డంగా పట్టి చూపించాడు. ఒక మడత దగ్గర సూది మొన అంత వెలుగు. పెద్దాయన చెప్పిన చిల్లు. బ్రీదర్ పైపు లోపల, టర్బో ముందు ఆయిల్ తడి ఉంది కానీ మామూలుగానే ఉందన్నాడు.

తర్వాత ఈజీఆర్ విప్పాడు. వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు, మధ్యలో మసి గడ్డ అడ్డం పడి సగం తెరుచుకుని నిలిచిపోయింది. ఐడిల్ వణుకు అందుకేనట. మానిఫోల్డ్ దించాక నేను ఫొటో తీశాను కానీ ఫొటోలో అర్థం కాదు. బొటనవేలు హాయిగా పట్టాల్సిన దారిలో చిటికెన వేలు ఇరుకుగా పట్టింది. గోరుతో గీకితే పైన తారులా మెత్తగా, లోపల బొగ్గులా గట్టిగా ఉంది. తీసిన మసిని పాత పెయింట్ డబ్బాలో వేస్తే సగం పైన నిండింది. ఇంతకాలం నా ఇంజిన్ దీని సందులోంచి ఊపిరి పీల్చింది.

పాకాల_జంక్షన్
హెడ్ దించారా లేదా?

అలిపిరి_టాక్సీ
దించలేదు. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపల గాలి ఒత్తిడి) చూశాడు, నాలుగూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. వాల్వులు సీటు మీద సరిగానే కూర్చుంటున్నాయి కాబట్టి హెడ్ జోలికి పోనక్కర్లేదన్నాడు.

ఆటోనగర్_స్పానర్
మిగతాది నేను చెబుతాను, చేసుకునేవాళ్లకు పనికొస్తుంది.

మానిఫోల్డ్ దించితే హెడ్‌లోకి వెళ్లే పోర్టులు, వాల్వుల వెనక భాగం కనిపిస్తాయి. ఏ సిలిండర్ శుభ్రం చేస్తున్నామో ఆ సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు మూసుకుని ఉండేలా ముందు ఇంజిన్‌ను చేత్తో తిప్పుకోవాలి. ఇది మరిస్తే మసి, ద్రవం అన్నీ సిలిండర్‌లోకే పోతాయి. మిగతా పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. తర్వాత క్లీనర్ పోసి నానబెట్టి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ పుల్లతోనూ ఇత్తడి బ్రష్‌తోనూ గీకి, వాక్యూమ్‌తో లాగాలి. ఒక్కో పోర్టుకు మూడు, నాలుగు సార్లు. ఓపిక కావాలి. అక్రోటు పెంకు పొడిని గాలితో కొట్టి శుభ్రం చేసే మెషీన్లు ఉన్నాయి, అది ఇంకా మంచి పద్ధతి. నా దగ్గర లేదు.

మానిఫోల్డ్‌ను రాత్రంతా డీజిల్‌లో నానేశాం. ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి. కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తారు, మసి త్వరగా పోతుందని. అల్యూమినియం అయితే కాస్టిక్ దాన్నే తినేస్తుంది. బుడగలు వస్తుంటే మసి కరుగుతోందని సంబరపడతారు, కరుగుతున్నది లోహం. పైకి వచ్చేది మండే హైడ్రోజన్. అలా పాడైన మానిఫోల్డు ఒకటి నా షాపులో గోడకు వేలాడుతోంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవే. పాతవి బాగున్నాయని వేస్తే మళ్లీ గాలి లీకు, మళ్లీ మొదటికి. చివర్లో స్కానర్‌తో ఈజీఆర్ మూసిన స్థానం మళ్లీ నేర్పించాలి. శుభ్రం చేసి బిగించేసి ఈ పని వదిలేసేవాళ్లు చాలామంది, తర్వాత బండి సరిగా లేదంటారు.

ఎస్వీయూ_మెకానికల్
కాస్టిక్ గురించి చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా. ఈ మాట మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను, షాపులో గోడకు వేలాడేది చూపిస్తే ఇంకా గట్టిగా గుర్తుంటుంది. ఫొటో పెట్టగలరా?

ఆటోనగర్_స్పానర్
పిల్లలనే తీసుకురండి సార్. చేత్తో పట్టుకుని చూస్తారు.

చంద్రగిరి_కోట
మొత్తం ఎంతైంది తమ్ముడూ?

అలిపిరి_టాక్సీ
హోసు, క్లాంపులు, ఎయిర్ ఫిల్టర్, గ్యాస్కెట్లు, క్లీనర్, కూలీ అన్నీ కలిపి 7,850. ఒకటిన్నర రోజు.

నిన్న తెల్లవారుజామున మొదటి ట్రిప్పు. చెన్నై నుంచి వచ్చిన కుటుంబం, నలుగురు, డిక్కీ నిండా సామాను. గాలిగోపురం కనిపించే మలుపు దగ్గర మామూలుగా నా కాలు బిగుసుకుపోయేది, ఇక లాగదు అని. నిన్న థర్డ్‌లోనే ఎక్కింది. అద్దంలో రోడ్డు కనిపించింది, పొగ కనిపించలేదు. నాలుగుసార్లు చూసుకున్నాను.

పుత్తూరు_బస్టాండ్
మానిఫోల్డు ఇప్పుడు కళ్యాణకట్ట నుంచి వచ్చిన గుండులా ఉండి ఉంటుంది, నున్నగా!

అలిపిరి_టాక్సీ
నిజంగా అలాగే ఉంది అన్నా. చందనం ఒక్కటే తక్కువ.

తిరుచానూరు_ట్రావెల్స్
స్పానర్ గారూ, ఒక బండి తెచ్చాను కదా నిన్న, అందరికీ తెలియాలని నేనే రాస్తున్నాను. రేకు తీసి చూస్తే వాల్వు బిగుసుకుని ఉంది, శుభ్రం చేస్తే తిరిగింది. 2,200 అయింది. రేకు మళ్లీ పెట్టలేదు. రెండోది వచ్చే వారం.

పాకాల_జంక్షన్
మళ్లీ మసి పట్టకుండా ఏం చేయాలి? అది కూడా చెప్పండి.

ఎస్వీయూ_మెకానికల్
పూర్తిగా ఆపలేం, నిదానం చేయగలం. అలిపిరి తమ్ముడి విషయంలో పెద్ద కారణం ఆ రెండు, మూడు గంటల ఐడిల్. ఇంజిన్ చల్లగా, లోడు లేకుండా తిరుగుతుంటుంది. తక్కువ లోడులోనే ఈజీఆర్ ఎక్కువ తెరుచుకుంటుంది, లోపలికి వెళ్లే దాంట్లో మూడో వంతు దాకా పొగ ఉండే బండ్లూ ఉన్నాయి. పూర్తిగా తొక్కి ఘాట్ ఎక్కేటప్పుడు దాదాపు మూసుకుంటుంది. అందుకే హైవే బండి ఇంజిన్ కన్నా లైన్లలో నిలబడే బండి ఇంజిన్ త్వరగా మసిబారుతుంది, తిరిగిన కిలోమీటర్లు తక్కువైనా సరే.

అలిపిరి_టాక్సీ
సార్, కొండ మీద పార్కింగ్‌లో ఇప్పుడు నీడ చూసుకుని ఆపుతున్నాను. అద్దాలు దించితే పైన గాలి చల్లగానే ఉంటుంది. పెద్దవాళ్లు అడిగితే పది నిమిషాలు ఏసీ వేసి ఆపేస్తున్నాను. లైన్‌లో మాత్రం ఏం చేయలేను.

ఆటోనగర్_స్పానర్
అది చాలు. ఆయిల్ 10,000 దాటనివ్వకు, నీ ఐడిల్ లెక్కకు 7,500కే మార్చుకుంటే ఇంకా మంచిది. ఫిల్టర్‌కు గాలి కొట్టించకు, కొత్తది వేయి. 40,000 తిరిగాక ఈజీఆర్ ఒక్కటి విప్పి చూద్దాం, మానిఫోల్డ్ కాదు. ఆ శబ్దం మళ్లీ వింటే మాత్రం ఆ రోజే రా.

చిత్తూరు_టీచరమ్మ
పలమనేరు వెళ్లి వచ్చాం. ఘాట్ దాటాక ఇరవై నిమిషాలకు లైటు ఆరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక నుంచి పదిహేను రోజులకు ఒకసారి ఇలా వెళ్లాలని నిర్ణయించుకున్నాం. పలమనేరు తమ్ముడికి, ఆయిల్ చూడమన్న స్పానర్ గారికి థ్యాంక్స్.

దామలచెరువు_పికప్
స్పానర్ అన్నా, మామిడి మొదలయ్యే లోపు నా పికప్ కూడా చూడాలి. మూడు సీసాలు పోశాక మళ్లీ అలాగే ఉంది. ఆదివారం రానా?

ఆటోనగర్_స్పానర్
ఆదివారం వద్దు, కుర్రాళ్లు ఉండరు. సోమవారం తెల్లారి ఇంజిన్ చల్లగా ఉండగానే తీసుకురా, హోసులు వేడి మీద చూడలేం. లోడు దించేసి రా. పాత ఎయిర్ ఫిల్టర్ బయట పారేయకు, దాన్ని అలాగే పట్టుకురా, లైటుకు పెట్టి చూడాలి.